చేతులు కదలనప్పుడు ఫిజిక్స్ చేయడం గురించి ఒక ఉత్తరం

హనుమకొండ

బిడ్డా,

మీ బాపు ఫోన్ చేశాడు. యాక్సిడెంట్ అయ్యాక కూడా ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాదికి మళ్లీ ఫీజు కడతానన్నావట. ఇంట్లో సగం మంది వద్దన్నారట, మిగతా సగం మంది నీ ఫోన్‌కు స్టీఫెన్ హాకింగ్ ఫొటోలు పంపుతున్నారట. వద్దన్నవాళ్లతో మీ బాపు మాట్లాడుకుంటాడు. నాకు ఆ ఫొటోలు పంపేవాళ్ల మీదే ఎక్కువ అనుమానం.

"ఆయన కుర్చీలో కూర్చుని విశ్వాన్నే చదివేశాడు, నీకేం తక్కువ?" అనే మాట నేనూ చాలా విన్నాను. పోలియోతో రెండు కాళ్లూ పోయి, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణి కదా, సన్మానం చేసిన ప్రతివాడూ దండతో పాటు హాకింగ్ పేరు కూడా మెడలో వేసేవాడు. ఆ ఉపన్యాసాల్లో ఉన్నదంతా మనోబలమే. ఆయన రోజూ పని ఎట్లా చేసేవాడు, పక్కన ఎవరుండేవారు, ఏ లెక్కలు పట్టుకుని ఏవి వదిలేశాడు అన్నది ఎవరూ చెప్పరు. మనకు పనికొచ్చేది అదే.

ముందే ఒక తేడా తెలుసుకో. ఆయనది ఏఎల్ఎస్, అంటే కండరాలను నడిపే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. 1963లో, 21 ఏళ్ల వయసులో బయటపడింది. రెండేళ్లు బతుకుతాడన్నారు. 2018 మార్చి 14న చనిపోయేనాటికి 76 ఏళ్లు. ఆ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది రెండు నుంచి ఐదేళ్లలో పోతారు, కాబట్టి ఆయన ఆయుష్షును ఎవరూ కాపీ కొట్టలేరు. నీది స్కూటీ మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాముకు తగిలిన గాయం. అది ఏటేటా పెరిగేది కాదు. ఆయన కొన్నేళ్లకోసారి పని చేసే పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది. నువ్వు ఒక్కసారి గట్టిగా ఏర్పాటు చేసుకుంటే చాలా కాలం నిలుస్తుంది. నాకు చేతులున్నాయి. అందుకే మెట్లు, కుర్చీ, ఆఫీసుల గురించి నా అనుభవం రాస్తాను, చేతులు లేకుండా లెక్క చేయడం గురించి ఆయన్ని చూసి రాస్తాను.

ఇంకో అబద్ధం కూడా పక్కన పెట్టు. జబ్బు తెలియగానే ఆయనకు జ్ఞానోదయం కాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో రోజుకు గంట చదివితే గొప్ప అన్నట్టు ఉండేవాడు. జబ్బు తెలిశాక కొన్నాళ్లు దిగులుగా కూర్చున్నాడు. తర్వాత జేన్ వైల్డ్‌ను పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. పెళ్లికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి పీహెచ్‌డీ కావాలి, అందుకని కూర్చుని చదివాడు. ఇది ఆయనే చెప్పుకున్న సంగతి. నువ్వు మళ్లీ పుస్తకం తెరవడానికి కూడా గొప్ప కారణం అక్కర్లేదు. ఇంట్లో బోరు కొడుతోందన్నా చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఆయన పనిలో మనం నేర్చుకోవాల్సింది లెక్కను ఎంచుకోవడం. 1970ల మొదట్లోనే ఆయన చేతి రాత దాదాపు పోయింది. పేజీల కొద్దీ టెన్సర్ల పొడుగాటి సమీకరణాలు రాసుకుంటూ పోయే పద్ధతి ఇక కుదరదు. అందుకని బొమ్మలో పట్టే సమస్యల వైపు తిరిగాడు. గణిత శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ అప్పటికే దారి వేశాడు. అనంతమైన దేశకాలాన్ని చిన్న బొమ్మలోకి కుదించి, ఏ కాంతి కిరణం ఎటు పోతుందో ఆ బొమ్మలోనే చూడొచ్చు. కిరణాల గుంపు దగ్గరవుతుందా, దూరమవుతుందా అని చెప్పేది రాయ్‌చౌధురి సమీకరణం. కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో అచ్చు వేసిన ఆ సమీకరణం లేకపోతే పెన్‌రోజ్, హాకింగ్ సింగులారిటీ సిద్ధాంతాలు (కిరణాల దారి హఠాత్తుగా తెగిపోయే చోట్లు ఉండి తీరాలని చెప్పేవి) నడవవు. (క్లాసులో ఈ పేరు చెప్పినప్పుడల్లా పిల్లలు తల ఎత్తి చూసేవాళ్లు. నువ్వు మాత్రం స్పెల్లింగ్ అడిగావు.)

1970 నవంబర్‌లో, కూతురు లూసీ పుట్టిన కొన్నాళ్లకు, ఒక రాత్రి పడుకోబోతూ బ్లాక్ హోల్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాడట. ఆయన మంచం ఎక్కడానికే చాలాసేపు పట్టేది. ఆ సేపట్లో తట్టింది: ఈవెంట్ హొరైజన్ (దాటితే కాంతి కూడా బయటికి రాలేని బ్లాక్ హోల్ సరిహద్దు) మీద సాగే కాంతి కిరణాలు ఒకదానికొకటి ఎప్పటికీ దగ్గర కాలేవు, కాబట్టి హొరైజన్ వైశాల్యం ఎన్నటికీ తగ్గదు. కాగితం లేదు, పెన్ను లేదు. ఆ వాదనలో ప్రతి మెట్టూ కళ్లు మూసుకుని చూడగలిగేదే. నువ్వు రోజుకు ఎంతసేపు ఎవరో బట్టలు మార్చడం కోసం, మంచం మీద నుంచి కుర్చీలోకి దించడం కోసం ఎదురుచూస్తున్నావో నాకు తెలుసు. ఆ సమయానికి ముందే ఒక ప్రశ్న తయారుగా పెట్టుకో. పెద్దది వద్దు. "ఈ రాశి ఎందుకు పాజిటివ్?" లాంటిది చాలు.

అలాగని అన్నీ బొమ్మల్లోనే తేలతాయని అనుకోకు. 1974లో ఆయనకు పేరు తెచ్చిన లెక్క, బ్లాక్ హోల్ నుంచి వేడి వెలువడుతుందన్నది, క్వాంటమ్ ఫీల్డ్ థియరీ గట్టిగా వాడిన లెక్క. అంతకు ముందు బెకెన్‌స్టైన్ అనే కుర్రాడు బ్లాక్ హోల్‌కు ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) ఉందంటే హాకింగ్ ఒప్పుకోలేదు. చివరికి తన లెక్కే తన నోరు మూయించింది. ఫలితం ఒక్క లైను: ఉష్ణోగ్రత ద్రవ్యరాశికి విలోమానుపాతం, మిగతావన్నీ స్థిరాంకాలు. సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్‌కు ఎంత వస్తుందో తెలుసా? ఒక కెల్విన్‌ను పది కోట్ల భాగాలు చేస్తే అందులో ఆరు. చుట్టూ ఉన్న ఆకాశమే 2.7 కెల్విన్ వేడిగా ఉంది, కాబట్టి అది ఇచ్చేదానికన్నా తీసుకునేదే ఎక్కువ. ఈ అంకెను ఎవరి చేతా రాయించకుండా, పదుల ఘాతాలు మనసులోనే కూడి తీసి, వచ్చేసారి నాకు చెప్పు. హెచ్‌బార్ (ప్లాంక్ స్థిరాంకం నుంచి వచ్చేది), జీ (గురుత్వ స్థిరాంకం), సీ (కాంతి వేగం), బోల్ట్స్‌మన్ స్థిరాంకం, సూర్యుడి ద్రవ్యరాశి కంఠస్థం రావాలి. నోటి లెక్క మన తాతలు బియ్యం కొలతలకు చేసినదే. ఫిజిక్స్ పిల్లలు కాలిక్యులేటర్ వచ్చాక వదిలేశారు.

ఇక మనుషులు. బ్రాండన్ కార్టర్, బార్డీన్, పెన్‌రోజ్, గిబ్బన్స్, హార్టిల్ లాంటి తోటి శాస్త్రవేత్తల పేర్లు లేకుండా ఆయన పని గురించి చెప్పలేం. 1973లో వచ్చిన పెద్ద పుస్తకం జార్జ్ ఎల్లిస్‌తో కలిసి రాసింది. ఆయన చెబుతుంటే బోర్డు మీద విద్యార్థులు రాసేవాళ్లు. 1970ల మధ్య నుంచి ఒక రీసెర్చ్ విద్యార్థి వాళ్లింట్లోనే ఉండేవాడు. గదికి కిరాయి లేదు, బదులుగా ఆయన్ని లేపడం, దించడం, తినిపించడంలో సాయం. ఇది మన హనుమకొండలో అచ్చంగా చేసుకోగలిగిన పని. నయీంనగర్‌లో గదుల కిరాయిలు చూశావుగా. మీ ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంది. పరకాల వైపు నుంచో, ములుగు వైపు నుంచో వచ్చి కాకతీయ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివే పిల్లకు ఆ గది ఊరికే ఇవ్వండి. రోజుకు రెండు గంటలు నువ్వు చెప్పింది బోర్డు మీద రాయాలి, అంతే. ఆ పిల్లకూ సబ్జెక్టు వస్తుంది. ఏ గంటలు, ఏ పని, ఏ పని చేయనక్కర్లేదు అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి. మొహమాటంతో మొదలైన సాయం మూడు నెలలు కూడా నిలవదు.

మీ అమ్మ మీద మాత్రం అంతా వేయకు. హాకింగ్ ఇంట్లో పిల్లల పని, ఆయన పని, తన చదువు, అన్నీ జేన్ ఒక్కతే ఏళ్ల తరబడి మోసింది. 1985లో జెనీవాలో ఆయనకు న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీద ఉంటే, తీసేద్దామా అని డాక్టర్లు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు, కేంబ్రిడ్జికి తీసుకొచ్చింది. ఇరవై నాలుగు గంటల నర్సుల కోసం ట్రస్టులకు ఉత్తరాలు రాసి డబ్బు తెచ్చింది కూడా ఆమే. ఆయన గురించి మాట్లాడేవాళ్లు ఆమెను రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. తర్వాత ఆ కాపురం నిలవలేదు కూడా.

అప్పుడు ఊపిరి ఆడడానికి మెడ దగ్గర చేసిన ఆపరేషన్‌తో ఆయన గొంతు పూర్తిగా పోయింది. కొన్నాళ్లు ఎవరో అక్షరాల అట్ట పట్టుకుంటే సరైన అక్షరం దగ్గర కనుబొమ్మ ఎత్తేవాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. చేతిలో ఒక బటన్, తెర మీద కదిలే పదాలు, నిమిషానికి 15 పదాల వరకు. చివరి ఏళ్లలో చేయి కూడా పోయి, కళ్లజోడుకు అమర్చిన సెన్సర్ చెంప కదలికను పట్టుకునేది, నిమిషానికి ఒకటో రెండో పదాలు. ఇంటెల్ వాళ్లు ఆయన కోసం తయారు చేసిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఏక్యాట్, 2015 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నీకు అది అవసరం రాదనుకుంటా, నీకు గొంతుంది. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ తెలుగులోనూ పని చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కెమెరా స్విచ్ అని ఉంటుంది, నవ్వితే ఒక పని, కనుబొమ్మ ఎత్తితే ఒక పని అని పెట్టుకోవచ్చు. సమీకరణాలకు మాత్రం లేటెక్ నేర్చుకో, గుర్తులను మాటల్లో టైపు చేస్తే సమీకరణంగా అచ్చు వేసే పద్ధతి అది. నువ్వు "ఫ్రాక్, బ్రాకెట్" అని చెబుతుంటే ఫిజిక్స్ తెలియనివాళ్లు కూడా తప్పు లేకుండా టైపు చేయగలరు. పాఠాలకు ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన వి. బాలకృష్ణన్ గారి వీడియోలు ఎన్‌పీటీఈఎల్ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైటులో ఉన్నాయి. బోర్డు మీద రాసేది నోటితో కూడా చెబుతారు, నీకు అది కావాలి.

ఆఫీసుల పనులు త్వరగా రాస్తాను, ఇవి మీ బాపుకు చదివి వినిపించు. సదరం అనండి, యూడీఐడీ అనండి, ఆ వైకల్య సర్టిఫికెట్ ముందు చేయించాలి. వైకల్యం 40 శాతం గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు. పరీక్షలో స్క్రైబ్ (మనం చెబితే రాసే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. స్క్రైబ్‌ను మనమే తెచ్చుకుంటే మన కంటే తక్కువ చదివినవాళ్లు ఉండాలి. అంటే హామిల్టోనియన్ లాంటి ఫిజిక్స్ గుర్తు ఆ స్క్రైబ్ ఎప్పుడూ రాసి ఉండకపోవచ్చు. అందుకే పరీక్షకు నెలల ముందే పాత పేపర్లు ఆ స్క్రైబ్‌తోనే రాయించు. పార్షియల్ అంటే ఏ గుర్తు, డెల్ అంటే ఏ గుర్తు అన్నది మీ ఇద్దరికీ ఒకటే కావాలి. ప్రాక్టికల్స్‌కు పార్ట్‌నర్ చేతులు, నీ నిర్ణయం. ఏ రీడింగ్ ఎందుకు తీసుకుంటున్నావో నువ్వు చెప్పగలిగితే అది నీ ప్రయోగమే. క్లాసుకు, ల్యాబ్‌కు కింది అంతస్తు గది కావాలని కాలేజీని రాతపూర్వకంగా అడుగు, నకలు మీద రిసీవ్డ్ ముద్ర వేయించు. నేను పనిచేసిన ఒక చోట ల్యాబ్ మేడ మీద ఉండేది, నోటి మాటతో అడిగినంత కాలం దించలేదు. 2001లో హాకింగ్ ఢిల్లీ వస్తే కుతుబ్ మినార్ దగ్గర చెక్క ర్యాంపులు లేచాయి. ఆయన రాకముందు కూడా కుర్చీల్లో తిరిగేవాళ్లు ఈ దేశంలో ఉన్నారు.

శరీరం గురించి, పైలం. చదువు ఆగేది కష్టమైన చాప్టర్ వల్ల కాదు, పుండు వల్ల. కుర్చీలో ఉన్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఎవరైనా నీ బరువు మార్చాలి. దానికి అలారం పెట్టు, లెక్క మధ్యలో ఉన్నా సరే. ఉన్నట్టుండి తలనొప్పి పగిలిపోయేలా వచ్చి, ముఖం ఎర్రబడి చెమటలు పడితే అది టెన్షన్ అనుకోవద్దు. నీ స్థాయి గాయంలో అది బీపీ ఎగబాకడం. వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రం పైపు మడతపడిందేమో, సంచి నిండిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. ఇది ఇంట్లో అందరికీ తెలియాలి, ఆ గదిలోకి వచ్చే పిల్లకు కూడా. రెండోది ఎండ. నీకు గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. రోహిణి కార్తెలో మన ఊళ్లో మధ్యాహ్నం క్లాసుకు వెళ్లడం ధైర్యం కాదు, పొరపాటు. మేలో పని తెల్లవారుజామున పెట్టుకో.

వచ్చే ఆదివారం వస్తాను. మీ గుమ్మానికి రెండు మెట్లున్నాయన్నాడు మీ బాపు. కార్పెంటర్‌తో కుర్చీ ఎక్కేలా వాలు పలక కొట్టించమను, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, అంతకన్నా నిటారుగా ఉంటే నా కుర్చీ ఎక్కదు, నీది అసలే ఎక్కదు. వచ్చేసరికి రాయ్‌చౌధురి సమీకరణంలో ప్రతి పదం గుర్తు ఏమిటో, పాజిటివో నెగటివో, ఎందుకో చెప్పాలి. రొటేషన్ పదం దగ్గర ఆగుతావు. ఆగితే అక్కడే ఆగి ఉండు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ సారు