నుదుటి చర్మంతో కొత్త ముక్కు!

ప్ర: డాక్టరు గారూ, టిప్పు సుల్తాన్ కాలంలో కోసేసిన ముక్కుని ఒక ఇటుకల పనాయన మళ్లీ పెట్టాడని మా తమ్ముడు ఒకటే వాదన. ఇది నిజమా, వాట్సాప్ కథా?
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జ: మీ తమ్ముడే గెలిచాడు. కవాస్జీ అని, ఇంగ్లీషు సైన్యానికి ఎద్దుల బండి తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పుకి చిక్కితే ముక్కూ, ఒక చెయ్యీ కోయించాడు. (మన కడప సీమ టిప్పు చేజారి నిజాంకు పోయింది కూడా ఆ యుద్ధం తర్వాతి ఒప్పందంలోనే.) ఏడాది పాటు ముక్కు లేకుండానే తిరిగాడు, తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన కొత్తది పెట్టాడు, 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మేగజైన్ బొమ్మతో సహా అచ్చేసింది.

మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి ఆ మేరకు చర్మం కోసి లేపాడు. కానీ పూర్తిగా తెంపలేదు, కళ్ల మధ్య సన్నటి పట్టీ వదిలాడు. నన్నడిగితే తెలివంతా ఆ పట్టీలోనే ఉంది, దాంట్లోంచి రక్తం అందుతుంది కాబట్టే చర్మం బతికింది, లేకపోతే నల్లబడి కుళ్లిపోయేది. తర్వాత దాన్ని కిందికి తిప్పి, పాత ముక్కు అంచుల్లో గాటు పెట్టి అందులో దూర్చి, పైన కాచు పూసిన గుడ్డ పేలికలు వేశాడు. అవునండీ, తాంబూలంలో వేసుకునే కాచే. నాలుగు రోజులయ్యాక నెయ్యి. సుమారు 25వ రోజున పట్టీ కోసేశారు. మత్తా? ఈథర్ అనే మత్తుమందు సంగతి లోకానికి తెలిసింది 1846లోనే, అప్పటిదాకా ఓర్చుకోవడమే.

దీన్ని సుశ్రుతుడి ఖాతాలో వేసేయకండి, ఆయన చెప్పింది చెంప చర్మంతో చేసే పద్ధతి. ఈ వార్త చదివాకే లండన్‌లో కార్ప్యూ అనే సర్జన్ 1814లో ఇదే ఆపరేషన్ చేశాడు, ఇవాళ్టికీ క్యాన్సర్‌తో ముక్కు పోయినవాళ్లకి నుదుటి చర్మమే వాడతారు. ఆ మేగజైన్‌లో రోగి పేరుంది, పక్కనుండి చూసిన ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్ల పేర్లున్నాయి, కోసి అతికించినాయన పేరు మాత్రం లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ప్ర: సార్, ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా ఒకాయన బతికాడంట కదా?
– నాపరాయి గని కార్మికుడు, బేతంచెర్ల

జ: బతికాడు. ఫినియాస్ గేజ్, అమెరికాలో రైలుమార్గం పనిలో మేస్త్రీ. 1848లో బండ రంధ్రంలో ఇనుప కడ్డీతో పేలుడు మందు కూరుతుంటే నిప్పురవ్వ లేచి, ఆ మూడున్నర అడుగుల కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి స్వభావమే మారిపోయిందని ఆయన్ని చూసిన డాక్టరు రాశాడు, అయినా తర్వాత చిలీలో ఏళ్ల తరబడి గుర్రబ్బండి తోలాడు, 1860లో పోయాడు. ఇంతకీ మీ గనిలో మందు కూరేది చెక్క కర్రతోనే కదా?