న్యూజెర్సీకి కొత్తగా వచ్చినవారికి: ఇక్కడి కూరలతో మన వంట

న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన తెలుగువారు ఇల్లు, కారు, పిల్లల బడి కుదుటపడ్డాక నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒక్కటే: "ఆంటీ, మన కూరగాయలు తాజాగా ఎక్కడ దొరుకుతాయి?" ఇరవై రెండేళ్ల క్రితం నేను కూడా ఇదే ప్రశ్నతో దుకాణాలన్నీ తిరిగాను. ఆ మొదటి జనవరిలో ఒకచోట బెండకాయలు కనిపించగానే ధర కూడా చూడకుండా రెండు పౌండ్లు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి కొన విరిస్తే ఒక్కటీ విరగలేదు. అన్నీ వంగాయి, పీచు సాగింది, అంచులు అప్పటికే నల్లబడ్డాయి. ఆ రాత్రి చేసిన వేపుడును మా ఇంట్లో ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

ఆ తరువాత తెలిసిందేమిటంటే, బెండ చలికి ఓర్చుకునే కాయ కాదు. ఎక్కడో వెచ్చని ప్రాంతంలో కోసి, చల్లని గిడ్డంగులలోనూ లారీలలోనూ రోజుల తరబడి ఉంచితే అది నల్లబడక మానదు. అదే బెండకాయ ఆగస్టులో ఇక్కడి పొలాల నుంచి వచ్చినప్పుడు పుటుక్కుమని విరుగుతుంది. కాబట్టి మన కూరగాయలు కొనవద్దని నేను అనను. ఉగాదికి మామిడికాయ ఎంత ధర ఉన్నా నేను కూడా కొంటాను. కానీ ఏడాది పొడవునా రోజువారీ వంటకు వాటి మీదే ఆధారపడితే డబ్బూ పోతుంది, రుచీ దక్కదు. ఈ నేలలో ఏ నెలలో ఏది పండుతుందో తెలుసుకుని, దానిని మన పప్పులోకి, పచ్చడిలోకి, పులుసులోకి తెచ్చుకోవడం నేర్చుకోండి. కొత్త కూర చేతికి వచ్చినప్పుడు దాని పేరు చూసి జంకకండి. అది పుల్లగా ఉందా, నీరున్నదా, పిండి ఉన్నదా, చేదుగా ఉందా, పీచు ఎంత ఉంది అని ఒక ముక్క కొరికి చూడండి. పుల్లనిదైతే పప్పుకు, నీరున్నదైతే పచ్చడికి, పిండి ఉన్నదైతే పులుసుకు పనికి వస్తుంది.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు రూబార్బ్ అనే ఎర్రని కాడలు వస్తాయి. ఇక్కడివారు వాటిని చక్కెరతో ఉడికించి 'పై' అనే తీపి వంటకం చేసుకుంటారు కనుక మనవాళ్లు అవి పండ్ల జాతి అనుకుని పక్కకు వెళ్లిపోతారు. నిజానికి రూబార్బ్, మన చుక్కకూర ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. పులుపులోనూ ఆ చుట్టరికం స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. చుక్కకూరలో మనం తినేది ఆకు, రూబార్బ్‌లో తినవలసినది కాడ మాత్రమే. దాని ఆకులలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది, అవి విషం. ఆకుతో సహా అమ్మితే కాడను కలిసే చోటి దాకా ఆకును పూర్తిగా కోసి పారేయండి. కాడలో కూడా ఆక్సలేట్లు ఉంటాయి కనుక మూత్రపిండాలలో రాళ్ల బాధ ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి తినడం మంచిది.

రూబార్బ్ పప్పు మొదటిసారి చేసినప్పుడు నేను గోంగూర పప్పు అలవాటుకొద్దీ కాడ ముక్కలను కందిపప్పుతోపాటే కుక్కరులో పడేశాను. నాలుగు కూతలు వచ్చినా పప్పు పలుకులుగానే మిగిలింది. పులుపు తగిలితే పప్పు మెత్తబడదని అమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. అందువల్ల ఒక కప్పు కందిపప్పును చిటికెడు పసుపుతో విడిగా మెత్తగా ఉడికించుకోండి. జానెడు పొడవున్న రెండు కాడలను కడిగి, ముదురుగా ఉంటే పైపీచు తీసి, అంగుళం ముక్కలుగా తరగండి. బాణలిలో ఒక ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిరపకాయలు మగ్గిన తరువాత ఈ ముక్కలు వేసి మూత పెడితే అయిదు నిమిషాలలో గరిటె తగలగానే చితికిపోతాయి. ఆ ఎర్రదనం పోయి మాసిన ఆకుపచ్చలోకి తిరుగుతుంది. రంగు చూసి కంగారు పడకండి, అది అలాగే ఉంటుంది. ఇందులో ఉడికిన పప్పు, ఉప్పు, కారం కలిపి రెండు నిమిషాలు ఉడకనిచ్చి, ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతి గింజలు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంగువతో తాలింపు పెట్టండి. చింతపండు అక్కరలేదు. అపార్టుమెంటులో ఉండేవారు ఎండుమిర్చి నూనెలో వేసే ముందే కిటికీ తెరవాలి, పొయ్యి మీది ఫ్యాను వేయాలి. లేకపోతే ఆ ఘాటుకు పొగ గంట మోగి ఇరుగుపొరుగువారంతా బయటికి వస్తారు.

తాలింపులో కరివేపాకు సంగతి కూడా చెప్పాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు తాజా కరివేపాకు, ఆకుకూరలు, విత్తనాలు పెట్టెలో పెట్టుకుని రాకండి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కనుక తాజా ఆకును దేశంలోకి రానివ్వరు. చెప్పకుండా తెచ్చి పట్టుబడితే జరిమానా పడే అవకాశం ఉంది. ఇక్కడి మన దుకాణాలలో దొరికే ఆకు చాలు, లేని రోజున లేకుండానే తాలింపు పెట్టుకోవచ్చు.

రూబార్బ్ వచ్చే రోజులలోనే ఆస్పరాగస్ వస్తుంది. ఇది మన పిల్లిపీచరకు, అంటే శతావరికి, దగ్గరి బంధువు. కాడను రెండు చేతులతో పట్టుకుని వంచితే ముదురు భాగం దానంతట అదే విరిగిపోతుంది. మిగిలిన దానిని బీన్స్ లాగా తరిగి, మూత పెట్టకుండా ఆరు నిమిషాలు వేయించి పచ్చికొబ్బరి చల్లితే చాలు. ఆకుకూరలలో స్విస్ చార్డ్‌ను తోటకూరకు బదులుగా కాడలతో సహా పప్పులో వేయవచ్చు. ముల్లంగి, బీట్‌రూట్ కొనేటప్పుడు రైతు ఆకులు కోసివేయమంటారా అని అడుగుతాడు, వద్దని చెప్పండి. ఆ ముల్లంగి ఆకులే మరునాడు పెసరపప్పుతో కలిపి ఒక పూట కూర అవుతాయి.

ఇవన్నీ ఎక్కడ కొనాలంటే, మే, జూన్ నుంచి అక్టోబరు, నవంబరు వరకు చాలా ఊళ్లలో వారానికి ఒకసారి రైతుల సంత జరుగుతుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ 1984లో మొదలుపెట్టిన 'జెర్సీ ఫ్రెష్' గుర్తు కనిపిస్తే ఆ సరుకు ఈ రాష్ట్రంలో పండినదని అర్థం. పెద్ద దుకాణాలలో కూడా వేసవిలో ఆ గుర్తును వెతకండి. ఇంట్లో నలుగురు ఉండి రోజూ వండుకునేవారైతే సీఎస్ఏలో చేరడం లాభం. చలికాలం చివరలోనో వసంతంలోనో పొలానికి ముందుగా డబ్బు కడితే, పంట కాలమంతా వారం వారం ఒక పెట్టె కూరలు ఇస్తారు. పెట్టెలో ఏముంటుందో మన చేతిలో ఉండదు, అందుకే వంట త్వరగా వస్తుంది. కోల్‌రాబీ అనే గడ్డను ముల్లంగి లాగా సాంబారులో వేయవచ్చునని నేను ఆ పెట్టె పుణ్యాన తెలుసుకున్నాను. ఒంటరిగా ఉండే విద్యార్థులకు మాత్రం ఆ పెట్టె ఎక్కువవుతుంది, ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకోండి.

జూలై వచ్చేసరికి జుకినీ ఎంత కాస్తుందంటే, తోట ఉన్న పొరుగువారు సంచులతో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళతారు. జానెడు లోపు లేత కాయలను బీరకాయ అనుకుని పచ్చడి చేయండి. ఇందులో నీరు ఎక్కువ కనుక నీళ్లు పోయకూడదు, మూత పెట్టకూడదు, ఉప్పు చివరలోనే వేయాలి. వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, కొంచెం చింతపండుతో కలిపి కచ్చాపచ్చాగా నూరితే వేడి అన్నంలోకి కమ్మగా ఉంటుంది. చూడకుండా వదిలేసిన కాయ మూరెడు పెరిగితే దిగులుపడకండి. గింజల భాగం గీకి తీసేసి, సొరకాయ ముక్కలలాగా దప్పళంలో వేసుకోవచ్చు.

ఇక్కడి మొక్కజొన్నతో గారెలు చేయబోయి చాలామంది నూనెలో చెదిరిపోయాయని బాధపడతారు. ఇవి తీపి కోసం పెంచిన రకాలు, గింజలో పాలు ఎక్కువ, పిండి తక్కువ. నానబెట్టిన పచ్చిశనగపప్పును గట్టిగా రుబ్బి, గింజలను సగం మాత్రమే నలిపి అందులో కలిపి, రెండు చెంచాల బియ్యప్పిండి చేర్చితే గారె నిలుస్తుంది. అల్లం, పచ్చిమిర్చి మన ఊరిలో వేసేదానికంటే ఎక్కువ వేయాలి, లేకపోతే తీపిదే పైచేయి అవుతుంది.

ఆగస్టు టమాటా గురించి ఈ రాష్ట్రంవారు గర్వంగా చెప్పుకుంటారు, ఆ గర్వం న్యాయమైనదే. రట్గర్స్ విశ్వవిద్యాలయం 1934లో విడుదల చేసిన టమాటా రకానికి ఆ విశ్వవిద్యాలయం పేరే ఉంది. పూర్తిగా చెట్టున పండిన కాయలతో చారు పెడితే చింతపండు సగానికి తగ్గించవచ్చు. కానీ ఊరిలో లాగా ముక్కలను డాబా మీద ఎండబెట్టి నిలవ పచ్చడి పెట్టాలని చూడకండి. ఇక్కడ ఆగస్టు ఎండలో తేమ ఎక్కువ, ముక్క ఎండేలోగా బూజు పడుతుంది. కొద్దికొద్దిగా పచ్చడి చేసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినేయండి. మిగిలిన టమాటాలను ఉడికించి, గుజ్జును ఫ్రీజరులో దాచుకోండి.

అదే సంతలో కొందరు రైతులు పర్స్‌లేన్ అనే కట్టలు అమ్ముతారు. తెలంగాణలో గంగవాయిలి కూర, ఆంధ్రలో పావిలి కూర, పాయలకూర అనేది ఇదే. ఇక్కడ పెరళ్లలో కలుపుగా దానంతట అదే మొలుస్తుంది. అయితే దానిని పోలిన స్పర్జ్ అనే మరొక మొక్క పక్కనే ఉంటుంది. కాడ తుంచితే తెల్లని పాలు కారితే అది స్పర్జ్, తినకూడదు. పాయలకూర కాడ దళసరిగా ఉంటుంది, విరిస్తే నీరే వస్తుంది. పచ్చికకు మందులు కొట్టిన చోట ఏదీ కోయకండి. గుర్తు పట్టగలమన్న నమ్మకం లేనివారు కట్ట కొనుక్కోవడమే మేలు.

అక్టోబరులో మొదటి మంచు పడే ముందు రైతులు పచ్చి టమాటాలన్నీ కోసేసి చవకగా అమ్ముతారు. వాటి పప్పు, నువ్వులు వేసిన పచ్చడి మీకు నేను చెప్పనక్కరలేదు. చిట్టి క్యాబేజీల్లా ఉండే బ్రస్సెల్స్ స్ప్రౌట్లను సగానికి కోసి పప్పుల పొడితో వేపుడు చేయండి. బటర్‌నట్ స్క్వాష్ అనేది గుమ్మడే, బెల్లం వేసిన పులుసుకు బాగుంటుంది. తొక్క గట్టిదనుకుంటే నాలుగుచోట్ల కత్తితో గుచ్చి రెండు మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో ఉంచితే సులభంగా తెగుతుంది. ఇది, క్యాబేజీ, చిలగడదుంపలు, క్యారెట్లు జనవరి వరకు చల్లని చోట నిలిచి ఉంటాయి.

ఇక క్రాన్‌బెర్రీ. వాక్కాయ పప్పు తిన్న నాలుక ఉన్నవారెవరైనా మొదటి ముద్దకే దీనిని గుర్తు పడతారు. అదే పులుపు, చివరన అదే కొంచెం వగరు. న్యూజెర్సీలోని పైన్ బారెన్స్ అనే ప్రాంతంలో కూడా ఇవి పండుతాయి. కోతకు ముందు మడులలో నీరు నింపితే ఎర్రని కాయలు తెప్పలుగా తేలే దృశ్యం పిల్లలకు ఒకసారి చూపించదగినది. దుకాణాలలో తాజా కాయలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 12 ఔన్సుల, అంటే 340 గ్రాముల, సంచులలో వస్తాయి. పచ్చడికి ఒక సంచి కాయలను కడిగి, తడి తుడిచి, మూడు చెంచాల నువ్వుల నూనెలో వేసి వెంటనే మూత పెట్టండి. కాయలు టప్‌టప్‌మని పగిలి చిందుతాయి. చప్పుడు ఆగాక మూత తీసి, నీళ్లు చేర్చకుండా దగ్గర పడనిచ్చి, ఉప్పు, కారం, వేయించి దంచిన మెంతి ఆవపొడి ఒక చెంచా, వగరు విరగడానికి చిన్న బెల్లంముక్క వేసి, ఇంగువ తాలింపు పెట్టండి. పులిహోర కలపాలంటే ఈ గుజ్జునే కారం తగ్గించి వాడవచ్చు. పప్పు చేయాలంటే రూబార్బ్‌కు చెప్పిన జాగ్రత్తే దీనికీ వర్తిస్తుంది.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ అయిపోగానే ఈ సంచుల ధర బాగా తగ్గుతుంది. నేను అప్పుడు పది సంచులు కొని, కడగకుండా అలాగే ఫ్రీజరులో పెడతాను. వాడేటప్పుడు గడ్డ కరగనివ్వకుండా నేరుగా కడిగి బాణలిలో వేయవచ్చు. పదిహేను రోజులకు ఒక సంచి చొప్పున తీస్తే, ఏప్రిల్ చివరలో రూబార్బ్ మళ్లీ వచ్చే నాటి వరకు మా ఇంటి పప్పుకు పులుపు సరిపోతుంది.