నాన్నగారి ఫైలు తెరవలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం. ఏ పనైనా గడువుకు ముందే పూర్తిచేస్తానని ఆఫీసులో పేరు. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పేరున రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు, ఒక ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. అన్నిటికీ అమ్మే నామినీ. కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. సెలవు పెట్టి మరీ ఫైలు ముందేసుకుంటాను. ఆయన చేతిరాత కనబడగానే లేచి వంటగది సర్దడం మొదలుపెడతాను. తెనాలి నుంచి అమ్మ ఫోనులో అడిగితే, ‘ఇచ్చేశానమ్మా, వాళ్లే ఆలస్యం చేస్తున్నారు’ అని అబద్ధం చెప్పాను. అమెరికాలో ఉన్న తమ్ముడు ఇదంతా నా బద్ధకం అంటున్నాడు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఈ వాయిదా జబ్బు పోయేదెలా?

జవాబు: ముందు మీ తమ్ముడి మాట పక్కన పెట్టండి. బద్ధకం ఉన్నవాళ్లు సెలవు పెట్టి వంటగది సర్దరు. డబ్బాలన్నీ దించి, అరలు తుడిచి, మళ్లీ ఎక్కించేంత ఓపిక మీకుంది. బ్యాంకు దరఖాస్తు నింపడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అయితే ఆ దరఖాస్తులో మరణించిన ఖాతాదారు పేరు రాయాల్సిన చోటు ఒకటుంటుంది. అక్కడ నాన్నగారి పేరు మీ చేత్తో రాయాలి. ఆయన పోయిన తేదీ వేయాలి. మీ చేయి ఆగిపోతున్నది అక్కడే అని నా నమ్మకం. ఆఫీసు పనుల్లో ఈ కష్టం లేదు కాబట్టే అవి గడువుకు ముందే అయిపోతున్నాయి.

వాయిదా వేయడం సమయం సర్దుకోవడం రాకపోవడమని మనం అనుకుంటాం. ఫ్యూషా సిరోయిస్, తిమోతి పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో దీన్ని వేరుగా వివరించారు. ఇబ్బంది పెట్టే భావం నుంచి అప్పటికప్పుడు తప్పించుకుని మనసు కుదుటపరచుకోవడానికే మనిషి పనిని వెనక్కి నెడతాడన్నారు. ఫైలు మూయగానే మీకు ప్రాణం తేలికపడుతుంది కదా, చిక్కంతా ఆ ఊరటలోనే ఉంది. ఒకసారి దాని రుచి తెలిశాక మనసు మరుసటిసారి ఇంకా త్వరగా లేచిపోతుంది. పైగా ఇప్పుడు ఆ ఫైలులో దుఃఖం ఒక్కటే లేదు. ఇన్నాళ్లూ చేయలేదన్న సిగ్గు, అమ్మతో ఆడిన అబద్ధం కూడా వచ్చి చేరాయి. మొదటి నెలలో ఉన్నదానికన్నా ఇవాళ అది బరువెక్కడానికి కారణం ఇదే.

అందుకే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. కెనడాలో విశ్వవిద్యాలయ విద్యార్థులపై జరిపి, 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్ష నాటికి వాయిదా తగ్గించుకోగలిగారు. అసహ్యం పెరిగేకొద్దీ ఫైలు మరింత దూరమవుతుంది.

భయం కొంత తగ్గడానికి రెండు సంగతులు చెబుతాను. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ చేస్తాయి, ఆ తరువాత కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు. మీకింకా రెండేళ్లు కూడా కాలేదు. ఇక పాలసీ విషయం. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో న్యాయమైన క్లెయిమును తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. నామినీ మీ అమ్మగారు. క్లెయిము చేయాల్సింది ఆవిడే, సంతకం ఆవిడదే, డబ్బు పడేదీ ఆవిడ ఖాతాలోనే. మీరు ఒంటరిగా మోస్తున్న ఈ పని ఆవిడ లేకుండా ముగిసేది కాదు. కాబట్టి ఈ ఆదివారమే తెనాలి వెళ్లండి. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి: ‘అమ్మా, కాగితాలు ఇచ్చేశానని అబద్ధం చెప్పాను. నాన్న రాత చూస్తే నావల్ల కావడం లేదు.’ సంజాయిషీలు ఇంకేమీ అక్కర్లేదు. ఆవిడ కోప్పడవచ్చు, ఏడవవచ్చు. కోప్పడితే పడనివ్వండి. ఆ రాత చూసి ఏడిచే హక్కు ఆవిడకూ ఉంది, ఇన్నాళ్లూ మీరు ఆ ఫైలును ఆవిడకు చూపించనే లేదు. ఇద్దరూ కలిసి ఒకసారి తిరగేయండి. ఆ రోజు దరఖాస్తు జోలికి పోకండి.

మర్నాడు ఒక బ్యాంకు మాత్రమే. మూడూ ఒకేసారి పెట్టుకుంటే మళ్లీ వంటగదిలోకే వెళ్తారు. ‘రేపు చూద్దాం’ అనుకోకుండా, ‘ఉదయం టిఫిను కాగానే, హాల్లో బల్ల దగ్గర, అమ్మ పక్కన కూర్చుని ఫారం నింపుతాను’ అని ముందే నిర్ణయించుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ఇలా తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాశారు. ఆ పేరు, తేదీ రాయడం మరీ కష్టమైతే అమ్మగారినో, బ్యాంకు గుమాస్తానో రాయమనండి, అందులో చిన్నతనం లేదు. మరణ ధ్రువపత్రం, అమ్మగారి గుర్తింపు కార్డు జిరాక్సులు, పాస్‌బుక్కు, డిపాజిట్ రసీదు పెట్టుకుని ఇద్దరూ కలిసే వెళ్లండి. కాగితాలు సక్రమంగా అందిన 15 రోజుల్లోగా చెల్లించాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మనసు కుదిరాక వెళ్దామని మాత్రం ఆగకండి. ఇలాంటి పనులకు మనసు ముందుగా కుదరదు, సగం పనయ్యాక కాస్త కుదురుతుంది.

తమ్ముడికి కూడా పని చెప్పండి. ఎల్‌ఐసీ శాఖకు ఫోను చేసి ఏయే కాగితాలు కావాలో కనుక్కుని మీకు రాసి పంపడం అమెరికా నుంచి చేయగలిగిందే. నాన్నగారు పోయిన బాధ అతనికీ ఉండి ఉంటుంది, దూరాన ఉన్నవాళ్లకు అది ఒక్కోసారి విసుగుగా బయటపడుతుంది.

ఒక్క జాగ్రత్త. నిద్ర సరిగా పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతుకు మీదే విరక్తి పుట్టడం వంటివి ఉంటే ఈ కాగితాల సంగతి తరువాత, ముందు మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి బ్యాంకు పని అయ్యాక రెండోదానికి, ఆ తరువాత పాలసీకి తేదీలు అమ్మగారినే చెప్పమనండి. క్యాలెండరులో ఆవిడ చేతే రాయించండి.