టీవీకి చిన్న కంప్యూటర్: కొనే ధర ఒకటి, అయ్యే ఖర్చు మరొకటి

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. చదువుకు చేరిన ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. గదిలో సినిమాలు చూడటానికి స్మార్ట్ టీవీ కొనాలా, లేక పాత మానిటర్‌కు అరచేతి మందం ఉండే చిన్న కంప్యూటర్‌ను తగిలించుకుంటే డబ్బు మిగులుతుందా?

చదువుకు ఎలాగూ ఒక డెస్క్‌టాప్ కావాలనుకుంటే, ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి అమ్మేసిన చిన్న కంప్యూటర్ కొనుక్కోండి. పగలు ప్రాజెక్టు పనికి, రాత్రి సినిమాకు అదొక్కటే సరిపోతుంది. మంచి ల్యాప్‌టాప్ చేతిలో ఉండి, సినిమాలు తప్ప మరో అవసరం లేకపోతే మాత్రం ఇది అక్కర్లేదు. టీవీకో మానిటర్‌కో గుచ్చితే ఇంటర్నెట్ సినిమాలు చూపించే, రెండు మూడు వాట్లతో నడిచే స్ట్రీమింగ్ స్టిక్ 50 యూరోల లోపే వస్తుంది. అయితే మీ ఉత్తరం నిండా కొనే ధరల గురించే ఉంది, కరెంటు గురించి ఒక్క మాటా లేదు. జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్లందరూ ఇలాగే లెక్క వేస్తారు. నేనూ అలాగే వేసి నష్టపోయాను కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

నేను వచ్చిన కొత్తలో, చదువు ముగించుకుని ఊరు మారుతున్న ఒక విద్యార్థి దగ్గర పెద్ద టవర్ కంప్యూటర్‌ను దాదాపు ఉచితంగా తెచ్చుకున్నాను. అందులో ఆటల కోసం వేసిన గ్రాఫిక్స్ కార్డు ఉండేది. దాన్ని టీవీకి తగిలించి, సినిమాలన్నీ హార్డ్ డిస్కులో పెట్టి, పక్క గదుల్లో ఉండే మిత్రులు కూడా చూసుకోవడానికి వీలుగా రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంచాను. కరెంటు కంపెనీకి ప్రతి నెలా ఒకే మొత్తం కట్టేవాడిని, అదే బిల్లు అనుకునేవాడిని. మన ఊళ్లలో రీడింగ్ తీసేవారు ఇంటికి వచ్చి, ఎన్ని యూనిట్లు కాలితే అంతకు బిల్లు చేతికిచ్చి వెళతారు. ఇక్కడ నెలనెలా కట్టేది ‘ఆబ్‌ష్లాగ్’, అంటే అంచనా మీద ముందుగా వసూలు చేసే సొమ్ము మాత్రమే. ఏడాది చివర మీటరు చూసి అసలు లెక్క తేలుస్తారు, తక్కువ పడినదంతా ఒకేసారి కట్టమంటారు. ఆ కాగితం వచ్చిన నెల మా ఇంటికి డబ్బు పంపలేకపోయాను. ఆ బాధ ఎలాంటిదో అప్పు చేసి వచ్చినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పటి ధరల్లో ఆ లెక్క చూడండి. ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా అలాంటి టవర్ 60 వాట్లు తీసుకుంటుంది. ఏడాది పొడుగునా నడిస్తే 525 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు 38 సెంట్లు వేసుకున్నా దాదాపు 200 యూరోలు. అదే చిన్న కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు 10 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, దాన్ని కూడా ఆపకుండా నడిపితే ఏడాదికి దాదాపు 33 యూరోలే. సాయంత్రం నాలుగు గంటలు సినిమా చూసి ఆపేసే అలవాటు ఉంటే పది యూరోల లోపే సరిపోతుంది. ఒక్క వాట్ ఏడాదంతా కాలితే మూడు యూరోల పైచిలుకు అవుతుందని గుర్తుపెట్టుకోండి, ఏ వస్తువు కొన్నా ఈ లెక్క పనికొస్తుంది. సాకెట్‌కు, వస్తువుకు మధ్య పెట్టే చిన్న కరెంటు మీటరు పది పదిహేను యూరోలకే దొరుకుతుంది, కొన్ని నగరాల గ్రంథాలయాల్లో అరువుకు కూడా ఇస్తారు. మీ అద్దె ఒప్పందంలో కరెంటు కలిసి ఉందో లేదో కూడా చదువుకోండి, ‘వార్మ్‌మీటె’ (హీటింగ్ ఖర్చు కలిపిన అద్దె) అన్నంత మాత్రాన కరెంటు కూడా అందులోనే ఉందని అనుకోకూడదు.

ఇక ఏది కొనాలన్న విషయానికి వద్దాం. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ అనే మూడు రకాలు ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతాయి. సుమారు 18 సెంటీమీటర్ల చదరం, మూడున్నర సెంటీమీటర్ల మందం ఉంటాయి, మానిటర్ వెనక బిగించుకోవచ్చు. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, అందులోనూ పేరు చివర ‘టి’ అక్షరం ఉన్న 35 వాట్ల రకం చూసుకోండి. ఆరో తరానివి ఇంకా చవకగా కనబడతాయి గానీ, అవి విండోస్ 11 అర్హతల్లోకి రావు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 4కె అనే అధిక స్పష్టత సినిమాల్లో ఎక్కువగా వాడే వీడియో కుదింపు పద్ధతి పది బిట్ల హెచ్‌ఈవీసీ, దాన్ని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే, అంటే చిప్‌లో వీడియో కోసమే ఉన్న భాగంలోనే విప్పే సామర్థ్యం కూడా ఏడో తరం నుంచే వచ్చింది. ఆ పని మామూలు ప్రాసెసర్ కోర్ల మీద పడితే ఫ్యాను మోగుతుంది, కరెంటూ కాలుతుంది. కొత్తదే కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నవి చూడండి. దాని రేటింగ్ ఆరు వాట్లే, యూట్యూబ్ వాడే ఏవీ1 వీడియోను కూడా అది హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి బోర్డు కంప్యూటర్ చవకగా కనిపిస్తుంది గానీ, అడాప్టర్, డబ్బా, మెమరీ కార్డు కలుపుకునేసరికి ఆ తేడా కరిగిపోతుంది.

చవకని చూసి నేను కొన్న మరో వస్తువు పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్. డబ్బాపైన 4కె అని పెద్ద అక్షరాలతో ఉండేది గానీ, సినిమా సేవలు కోరే ధ్రువీకరణ దానికి లేకపోవడం వల్ల చందా కట్టిన సినిమా కూడా మసకగానే కనిపించేది. కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకునేవారికీ ఇలాంటి హద్దే ఉంది, బ్రౌజర్‌లో చాలా సేవలు 4కె ఇవ్వవు. 24 అంగుళాల మానిటర్‌కు 1080 (ఫుల్ హెచ్‌డీ) స్పష్టత చాలు కాబట్టి, 4కె చందాకు అదనంగా డబ్బు పోయకండి. పాత తెలుగు సినిమాలు హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో పెట్టినవి ఎన్నో ఉన్నాయి, వాటికి చందా కూడా అక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది టొరెంట్ల గురించి. ఇంటి దగ్గర ఎవరూ పట్టించుకోలేదు కదా అని ఇక్కడ కూడా దించుకోవడం మొదలుపెట్టవద్దు. టొరెంట్‌లో మీరు సినిమా దించుకుంటున్నప్పుడే దాని ముక్కలు ఇతరులకు పంపుతూ ఉంటారు, పట్టుకునేది ఆ పంపకాన్నే. హక్కుదారుల తరఫు న్యాయవాదులు ఐపీ అడ్రసును బట్టి కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో తెలుసుకుని ‘ఆబ్‌మానుంగ్’ అనే హెచ్చరిక ఉత్తరం పంపుతారు, ఇకపై అలా చేయనని సంతకం పెట్టమంటారు, వందల యూరోలు అడుగుతారు. కనెక్షన్ నా పేరున ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఒకరు చేసిన పనికి ఆ ఉత్తరం నాకే వచ్చింది. గడువు దాటనివ్వకుండా, సంతకం పెట్టేముందు విద్యార్థి సంఘం న్యాయ సలహాదారుకు చూపించాను, మొత్తం కొంత తగ్గింది. అయినా చివరికి నేను కట్టిన సొమ్ముతో ఒక మంచి చిన్న కంప్యూటర్ వచ్చేది. మీ పేరున ఇంటర్నెట్ తీసుకుంటే ఇంట్లోవారికి ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

టీవీ కొనకపోతే, ఇక్కడి ప్రజా టీవీ, రేడియోల కోసం కట్టే ప్రసార రుసుము తప్పుతుందని కొందరు చెబుతారు, అది నిజం కాదు. 2013 నుంచి అది ఇంటిని బట్టి వసూలు చేసే రుసుము, నెలకు 18.36 యూరోలు. ఒక ఇంటికి ఒకరు కడితే చాలు కాబట్టి మీ ఇంట్లో ఎవరు కడుతున్నారో అడిగి వాటా ఇవ్వండి. మినహాయింపుల వివరాలు అధికారిక సైటులో ఉన్నాయి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని మిగిలాయి. ఆఫీసు కంప్యూటర్లలో కొన్నిటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్టే ఉంటుంది. మీ తెర 4కె అయితే మామూలు మార్పిడి కేబుల్‌తో సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, 60 కావాలంటే యాక్టివ్ అడాప్టర్ అని అడిగి తీసుకోవాలి. టీవీ రిమోట్‌తో ఇవి నడవవు, టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డు ఒకటి కావాలి. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ అక్షరాల స్థానాలు తారుమారై ఉంటాయి. దుకాణంలో కొంటే సెకండ్ హ్యాండ్ వస్తువుకైనా సాధారణంగా కనీసం ఏడాది చట్టపరమైన హామీ ఉంటుంది, విడి వ్యక్తి దగ్గర కొంటే అది ఉండకపోవచ్చు. అందుకే అలాంటి చోట డబ్బు ఇచ్చేముందు స్విచ్ వేసి చూపించమనండి, బయోస్‌కు (స్విచ్ వేయగానే మొదట నడిచే అమరికలకు) పాత కంపెనీ పాస్‌వర్డ్ లేదని నిర్ధారించుకోండి, ఆ యంత్రానిదే అయిన పవర్ అడాప్టర్ చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. అది లేకుండా అమ్మేవి చాలా ఉంటాయి, విడిగా కొంటే మరో 20, 30 యూరోలు అవుతుంది కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.