సౌదీలో పెళ్లికి ముందు రక్తపరీక్ష: రిజల్ట్ తేడాగా వస్తే పెళ్లి ఆపేస్తారా?

ఆపరు. సౌదీ అరేబియాలో 2004 నుంచి పెళ్లి ఒప్పందం రాయించుకోవాలంటే వధూవరులిద్దరూ వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బులైన సికిల్ సెల్, తలసేమియా పరీక్షల సర్టిఫికెట్ చూపించాల్సిందే. బలవంతం పరీక్ష వరకే. పెళ్లి చేసుకోవాలా, మానుకోవాలా అన్నది వాళ్లిష్టం. 2008లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి కూడా చేర్చారు.

సికిల్ సెల్, తలసేమియాల విషయంలో ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ (జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్న మనిషి) అయి, రెండోవారిలో ఆ జన్యువు లేకపోతే పిల్లలకు ఆ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భంలోనూ జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం 25 శాతం. ‘మొదటి బిడ్డ బాగానే పుట్టింది కదా’ అని ధీమా పడటానికి లేదు, రెండోసారీ అదే 25 శాతం. ఒకరు సికిల్ సెల్‌కి, మరొకరు బీటా తలసేమియాకి క్యారియర్ అయినా ముప్పే. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు ఎక్కువైన చోట ఇలాంటి జంటలు ఎక్కువగా కుదురుతాయి. మేనరికాలు చేసుకునే మనకూ ఇది వర్తిస్తుంది.

సౌదీ పరీక్షల 2004-2009 ఫలితాలపై వచ్చిన అధ్యయనం నాకు చాలా ఆశ కలిగించింది. ముప్పున్న జంటల్లో తమంతట తాము సంబంధం వదులుకున్నవాళ్లు మొదట్లో 9 శాతమే, ఆరేళ్లకు దాదాపు 52 శాతం. ఆ మార్పు నిషేధంతో వచ్చింది కాదు, జనానికి విషయం అర్థమవడం వల్ల వచ్చింది.

ఇబ్బందల్లా టైమింగే. కార్డులు పంచి, హాలు బుక్ చేశాక రిపోర్టు వస్తే ఏ కుటుంబమైనా వెనక్కి తగ్గడం కష్టం. అందుకే బహ్రెయిన్‌లో లాగా స్కూల్లో ఉండగానే పరీక్ష చేయడం మేలని నా అభిప్రాయం.