దామెర్ల గారి కథ తీయబోతున్న అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు తీరిగ్గా చదివాను. దామెర్ల రామారావు గారి జీవితం మీద టీవీలో సిరీస్ వస్తుందంటేనే నాకు ప్రాణం లేచొచ్చింది. రాజమండ్రిలో పుట్టిన ఇంత గొప్ప చిత్రకారుడి పేరు చెబితే, గోదావరి ఒడ్డున పెరిగిన పిల్లలు కూడా ఎవరాయన అని అడుగుతున్నారు. అందుకే నీ పని మీద నాకింత పట్టింపు. సీరియళ్ళ సెట్ల మీద ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది దాచుకోకుండా చెబుతాను. నచ్చకపోయినా చివరిదాకా చదువు.

నువ్వు కథని ఆయన చావుతో ఎత్తుకున్నావు. మూసిన తలుపులు, గుమ్మానికి వేపమండలు, బయట ఏడుపులు. అది తీసెయ్యమ్మా. 1897లో పుట్టిన మనిషి 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పేస్తే, తర్వాత ఆయన ఏ బొమ్మ వేసినా జనం "అయ్యో పాపం" అనుకుంటూ చూస్తారు. బొమ్మ వైపు చూడరు. ఆయనకి దక్కిన కొద్ది సంవత్సరాలూ పనిలోనే గడిచాయి. మన కథ ఆ పని. చావుకి చివరి ఎపిసోడ్‌లో ఒక్క సీను చాలు. "అమ్మవారు పోసింది" అని ఇంట్లో ఎవరో అంటారు, మిగతావాళ్ళ ముఖాలు చూపించు. ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు లేరు.

ఇక బొమ్మ వేసే సీన్లు. నా భయమంతా వీటి గురించే. టీవీలో చిత్రకారుడంటే జులపాలు, గడ్డం, గాల్లో కుంచె ఊపడం, ఒక్క విసురు, మరుక్షణం పూర్తయిన బొమ్మ. నీ హీరో చేత ఇది చేయించకు. దామెర్ల గారు 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీయడం పద్ధతిగా నేర్చుకున్నవారు. ఆయన బొమ్మల్లో గీత చూడు, ఎక్కడా తొందర కనిపించదు. ఆ తీరిక నీ కెమెరాకి కూడా రావాలి.

నీటిరంగుల బొమ్మకి రంగు కలపడం కంటే ముందు కాగితం పని ఉంటుంది. దళసరి కాగితాన్ని తడిపి, చెక్కబల్ల మీద పరిచి, నాలుగంచులకీ జిగురు పట్టీలు అంటించి ఆరబెడతారు. తడిసి అలలు లేచిన కాగితం ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. బాగా బిగిస్తే వేలితో కొట్టినప్పుడు డప్పులా మోగుతుంది. అప్పుడు పెన్సిల్ గీత, ఆ మీదట పలచటి మొదటి పూత. అది ఆరేదాకా ఆగాలి. సీను రాసుకోవాల్సింది ఆ ఆగే సమయంలోనే. స్నేహితులు కబుర్లు చెబుతుంటారు, లోపల్నుంచి కాఫీ వస్తుంది, ఆయన చూపు మాత్రం కాగితం మీది తడి వదిలిపెట్టదు. నీ డైలాగులన్నీ అక్కడ పెట్టుకో, కుంచె కాగితం మీద ఆనినప్పుడు ఎవర్నీ మాట్లాడనివ్వకు.

షూటింగ్ వరుసగా జరగదని నీకు తెలుసు. పొద్దున్న పూర్తయిన బొమ్మ ముందు సీను, మధ్యాహ్నం అదే బొమ్మ మొదలుపెట్టే సీను పడుతుంది. అందుకని ముఖ్యమైన ప్రతి బొమ్మకీ దశల వారీగా నకళ్ళు చేయించు: ఉత్త పెన్సిల్ గీత ఒకటి, మొదటి పూత ఒకటి, సగం అయింది, ముప్పావు అయింది, పూర్తయింది. ప్రతిదానికీ ఒక్కొక్కటి అదనంగా ఉండాలి, ఎందుకంటే నటుడి చెయ్యి తగిలి చెదిరిన కాగితం రెండో టేకుకి పనికిరాదు. వీటన్నిటినీ ఒకే ఆర్టిస్టు చేత వేయించు. దగ్గర షాట్లలో చేతి డూప్ కూడా అతనే అయితే ఇంకా మంచిది. కుంచె కడిగే గిన్నెలో నీళ్ళు మర్చిపోకు. వైడ్ షాట్‌లో తేటగా ఉన్న నీళ్ళు క్లోజప్‌లో నీలంగా ఉంటే, బొమ్మలు వేసే అలవాటున్న ప్రతివాడూ పట్టేస్తాడు. ప్లాస్టిక్ పాలెట్లు, తెల్ల నైలాన్ కుంచెలు సెట్ మీదికి రానివ్వకు. పింగాణీ సాసర్లు, రేకు ట్యూబులు, మామూలు వెంట్రుకల కుంచెలు చాలు.

ఛానెల్‌వాళ్ళు నిన్ను విలన్ ఎవరు, ప్రేమకథ ఏదీ అని అడుగుతారు. అడగనీ. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొరని విలన్ చెయ్యకు, దేవుణ్ణీ చెయ్యకు. ఆయన రాజమండ్రి కుర్రాళ్ళలో చెయ్యి ఉన్నవాళ్ళని గుర్తుపట్టి ప్రోత్సహించిన మనిషి, స్వయంగా బొమ్మలు వేసేవాడు. దామెర్ల గారు బొంబాయి వెళ్ళడం వెనక ఉన్నదీ ఆయనే. 1919లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. గురువు లేకుండా శిష్యుడు ఏం చేశాడన్నది నీకు చక్కగా దొరికే మలుపు. ప్రేమకథంటావా, దామెర్ల గారి భార్య కూడా కుంచె పట్టినవారే. ఒకే ఇంట్లో ఇద్దరు బొమ్మలు వేస్తుంటే ఎలా ఉంటుందో రాయి, లేనిపోని డ్యూయెట్ అక్కర్లేదు.

గొడవే కావాలంటే అడివి బాపిరాజు గారి వైపు చూడు. ఇద్దరూ కూల్డ్రే దగ్గరి పిల్లలే. బాపిరాజు గారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బెంగాలు పద్ధతి నేర్చుకున్నారు. అందులో బొమ్మ మొత్తాన్ని నీళ్ళలో ముంచి, ఆర్చి, మళ్ళీ రంగు వేస్తారు. అంచులన్నీ కరిగి పొగమంచులో చూసినట్టు ఉంటాయి. దామెర్ల గారి బొమ్మల్లో మనుషులు మాత్రం ఎండలో నిలబడ్డట్టు స్పష్టంగా కనిపిస్తారు. మన దేశం బొమ్మ ఎలా ఉండాలి అనే ప్రశ్నకి ఇవి రెండు జవాబులు. స్నేహం చెడకుండా ఈ తేడాని ఇద్దరి చేతుల్లో పక్కపక్కన చూపించగలిగితే, నీ సిరీస్‌లో అంతకంటే టెన్షన్ ఉన్న ఎపిసోడ్ ఉండదు. ఆయన స్నేహితుడు, చిత్రకారుడు వరద వెంకటరత్నం గారిని కూడా చిన్న పాత్ర చెయ్యకు. దామెర్ల గారు రాజమండ్రిలో పెట్టిన చిత్రకళాశాలని, ఆయన పోయాక నిలబెట్టింది ఈయనే.

లొకేషన్ల సంగతి. రాజమండ్రి రేవులో కెమెరా పెడితే ఒక్క పాత హేవ్‌లాక్ వంతెనే ఫ్రేములో ఉండాలి. అది 1900 నాటిది. రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది, ఆర్చీల వంతెన ఆ తర్వాతది. ధవళేశ్వరంలో ఇప్పుడు కనిపించే గేట్ల బ్యారేజీ కూడా ఆయన చూసింది కాదు, అప్పుడున్నది కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట. ఇంటి సీన్లకి కోనసీమలో మండువా ఇళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. మధ్యలో ఆకాశం కనబడే ఆ మండువాలో పైనుంచి పడే వెలుతురు మధ్యాహ్నం దాకా బొమ్మ వేసేవాడికి సరిగ్గా సరిపోతుంది, నువ్వు లైట్లు పెట్టే పనే ఉండదు.

వరిచేలు చాలామంది పట్టించుకోరు. ఇప్పుడు మన డెల్టాలో ఉన్నవి పొట్టి రకాలు, మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ లాంటివి. దామెర్ల గారి కాలంలో వరి నిలువెత్తున పెరిగి గాలికి పడిపోయేది. మడి మధ్యలో నడిచే సీను కావాలంటే, పాత దేశవాళీ విత్తనం వేసే రైతుని పట్టుకుని సార్వాకి, అంటే వానాకాలం పంటకి, అరెకరం కౌలుకి తీసుకో. కుదరకపోతే కోతలయ్యాక గడ్డిమేట్ల మధ్య తీసుకో.

మాట విషయం కూడా కాస్త చూసుకో. మన గోదావరి యాస అనగానే నటులు "ఆయ్" అంటూ కామెడీ మొదలెడతారు. ఆ ఇళ్ళలో పెద్దలు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేవారు. "అండీ" ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషిని సెట్ మీద కూర్చోబెట్టు.

దామెర్ల గారు పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటింది కాబట్టి బొమ్మలకి కాపీరైట్ చిక్కు లేదు. రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీలో షూటింగ్‌కి మాత్రం ముందుగా అనుమతి రాయించుకోవాలి. నీటిరంగులు వెలుగుకి వెలిసిపోతాయి, అసలు బొమ్మల మీదికి పెద్ద లైట్లు తిప్పకు. ఉన్న వెలుతుర్లోనే తీసుకుని, అద్దంలో నీ కెమెరా కనబడకుండా చుట్టూ నల్లగుడ్డ పట్టించు. బొమ్మ తెర మీద కనబడితే కనీసం పది సెకన్లు కదలకుండా ఉంచు, దాని మీద మ్యూజిక్ మోగించకు. నక్షత్రాల మధ్య సిద్ధార్థుడిలాంటి గ్రాఫిక్స్ ఆలోచన ఒకటి స్క్రిప్టులో ఉంది, దామెర్ల గారి "సిద్ధార్థ రాగోదయం" బొమ్మకి ఆ అవసరమే లేదు.

చివరగా ఒక తొందర పని. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళిచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్ దాకా అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. తాడు కట్టి గట్టు మీంచి లాగే పడవ సీను రాసుకున్నావు కదా, దానికి లాకుల దగ్గర నిండు కాలువ కావాలి. సంక్రాంతి వారం మనుషులు దొరకరు. కాబట్టి మాఘమాసంలో కెమెరామాన్‌ని తీసుకుని వచ్చెయ్యి, నేను తోడుంటాను. పడవ చేసేవాళ్ళతో ఈలోగా మాట్లాడి ఉంచుతాను. వచ్చేటప్పుడు తిరగరాసిన మొదటి ఎపిసోడ్ పట్టుకురా.

ఇట్లు
మావయ్య