ఇంటిపేరు వదిలేయ్, ఊరిపేరు పట్టుకో

అబ్బయా,

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీగా పోయిన మా ముత్తాత తమ్ముడి జాడ తీస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఇంటిపేరు కొట్టి వెదికితే ఏమీ రాలేదని దిగులుపడుతున్నావట. రాదురా. ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ ఉంటాయి గానీ, ఇంటిపేరు కోసం గడి లేదు. ముందు తండ్రి పేరు, ఊరు తేల్చుకో.

1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి నేటాల్‌కు 1,50,000 మందికి పైగా కూలీలుగా పోయారు. ఎక్కువమంది మద్రాసులోనే ఓడెక్కారు. నేను బోల్తాపడింది జిల్లా దగ్గర. మనది ఒంగోలు పక్క పల్లె కదా అని గుంటూరు కింద వెదికాను, నాలుగు నెలలు దండగ. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరులోనే ఉండేది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అయితే 1970 దాకా నెల్లూరే. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. ఇప్పటి మ్యాపు మడిచి పక్కన పెట్టు.

ఇంగ్లీషు గుమాస్తా రాసిన ఊరిపేరు కళ్లతో చూస్తే అర్థం కాదు, పైకి చదివి విను. ఊరు బొత్తిగా తెలియకపోతే మనిషి పేరు చూడు. పెంచలయ్య అనో మాలకొండయ్య అనో ఉంటే, ఎట్లా విరిచి రాసినా సరే, మన పక్కవాడయ్యే అవకాశం ఎక్కువ. పెంచలకోన, మాలకొండ నరసింహస్వాముల పేర్లు బిడ్డలకు పెట్టుకునేది మనమే కదా. కులం గడిని మాత్రం గట్టిగా నమ్మొద్దు. ఓడెక్కేటప్పుడు మార్చి చెప్పినవాళ్లున్నారు.

కనిగిరిలో మా మేనత్తను త్వరగా కలువు, తొంభై దాటాయి. "ఎందుకు పోయాడు?" అని మొదలుపెట్టావంటే నోరు విప్పదు. అప్పులకో, కరువుకో పోయినవాడి సంగతి ఇంట్లో చెప్పుకోరు. చేలు ఎట్లా పంచుకున్నారో అడుగు. భాగాల మాట వస్తే ఆవిడ ఆగదు, లేనివాడి వాటా ఎవరికి పోయిందో కూడా బయటికొస్తుంది. మన పారీఖత్తులో, అదే ఆస్తి పంపకాల కాగితంలో, ఒక గట్టు దగ్గర "దేశాంతరం పోయిన వాని భాగం" అని ఉంది. నాకు ఆధారం దొరికింది అక్కడే.

బాప్టిస్టు క్రైస్తవ సంఘం పుస్తకాలు కూడా చూడు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు నేటాల్ వెళ్లి అక్కడి తెలుగువాళ్లకు సంఘం కట్టారు. మనవాడు ఆ గుడికి పోయాడో లేదో తెలీదు గానీ, మన ఇంట్లో ఒక కొమ్మ బాప్టిస్టులే.

పారీఖత్తు నకలు నా ట్రంకుపెట్టెలో ఉంది. ఫోటో తీసి పంపమంటావు, నా ఫోన్‌లో అన్నీ మసకే వస్తాయి. సంక్రాంతికి నువ్వే రా. వచ్చేటప్పుడు ఆ ఓడల జాబితా పెద్ద అక్షరాలతో ప్రింటు తీసుకురా.

మీ పెదనాన్న